తంత్రం నమ్మాల్సిందా, చేసి చూసుకోవాల్సిందా?

తంత్రసాధన అనుభవంలో రుజువవుతుందంటారు, అది నిజమేనా, నమ్మకం లేకుండా మొదలుపెట్టొచ్చా అని అడిగారు. నిస్సందేహంగా మొదలుపెట్టొచ్చు. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు, నమ్మకం చేసే కొద్దీ కుదురుతుంది.

హైదరాబాద్‌లో తంత్రం అనగానే చాలామందికి గోడల మీద వశీకరణం పోస్టర్లే గుర్తొస్తాయి. ఉపాసనకీ వాటికీ ఏ సంబంధమూ లేదు. నాది శ్రీవిద్య, అంటే లలితా త్రిపురసుందరి ఉపాసన. గురువుగారు సికింద్రాబాద్‌లో ఉంటారు, ముందు అమ్మవారి బాల రూపానికి చెందిన బాలా మంత్రం ఇచ్చారు.

జపానికి ముందు న్యాసం చేస్తాం. వేళ్లతో గుండెనీ, నడినెత్తినీ, శిఖ ఉండే చోటునీ తాకి, చేతులు అడ్డంగా భుజాల మీద పెట్టి కవచం, ఆ తర్వాత నేత్రాలు, చివర ‘అస్త్రాయ ఫట్’ అంటూ తల చుట్టూ చెయ్యి తిప్పి అరచేతిలో చరుస్తాం. తాకిన చోటల్లా మనసు పెట్టి తీరిగ్గా చేస్తే, ఆ చప్పుడయ్యేసరికి ఒళ్లు ఎక్కడెక్కడ బిగుసుకుని ఉందో తెలిసిపోతుంది. నాకు దవడలు, ఎడమ భుజం. హడావుడిగా కానిచ్చిన రోజు ఏమీ తెలియదు.

గురువు దగ్గర దీక్ష తీసుకోనివారికి విజ్ఞానభైరవ తంత్రం అనే శైవ గ్రంథంలో దారి ఉంది. అందులో భైరవుడు, అంటే శివుడు, దేవికి చెప్పిన 112 ధారణల్లో (మనసు నిలిపే పద్ధతుల్లో) మొట్టమొదటిది శ్వాస మీదే. లోపలికొచ్చిన ఊపిరి బయటికి మళ్లే చోట, వెళ్లింది తిరిగి లోపలికి మళ్లే చోట ఎరుకతో ఉండాలి. ఊపిరి బిగబట్టొద్దు. ఆ మలుపులో ఆలోచన ఉందో లేదో మీరే చూసుకోండి. ఒకసారి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర, ఆఫీసుకి లేటయిన టెన్షన్‌లో, వెనక హారన్ మోగిస్తున్నవాడి మీద అరవబోతుంటే ఆ మలుపు తెలిసింది. కోపం వచ్చింది గానీ నోటిదాకా రాలేదు. నాకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు. వెలుగులు కనబడ్డాయి, గంటలు వినబడ్డాయి అనేవాటిని నేను లెక్కలోకి తీసుకోను. మన విసుగు తగ్గిందో లేదో ఇంట్లోవాళ్లని అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.

అమ్మవారు ఉందా అంటారా? జపంలో ఆవిడ సన్నిధి నాకు అనుభవమే, కానీ దాన్ని మీ ముందు సాక్ష్యంగా పెట్టలేను. అది ఎవరికి వారు చేసుకుంటే తెలియాల్సిందే.

హ్రీం, క్లీం లాంటి బీజాక్షరాలున్న మంత్రాలు మాత్రం యూట్యూబ్ చూసి చేయకండి. గురువు అనే మనిషి మొదటి రోజే డబ్బు మాటెత్తినా, దోషం ఉందని భయపెట్టినా లేచి వచ్చేయండి. సరైనవారు దొరికేదాకా లలితా సహస్రనామం చదువుకుంటూ, ఈ శ్వాస ధారణ చేసుకోండి.