ఉత్తరంలో మీరు రాయని అంకె

ప్రశ్న: బిల్లులు పాస్ చేసే సీటులో ఉన్నాను. రెండేళ్ల కిందట, అప్పుల్లో ఉన్నప్పుడు, మొదటిసారి లంచం తీసుకున్నాను. అప్పులు తీరి ఏడాదైనా మానలేకపోతున్నాను. నేనెవర్నీ అడగను, వాళ్లే ఇస్తారు. నేను చెడ్డవాణ్ణా?

జవాబు: మీ పొడుగాటి ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంత తీసుకున్నారో ఎక్కడా రాయలేదు. మీ తోడల్లుడు కట్టిన ఇంటి గురించి మాత్రం మూడుచోట్ల రాశారు.

అప్పు తీరడంతో అవసరం తీరింది. పోలిక తీరలేదు. ఆకలైతే కడుపు నిండాక ఊరుకుంటుంది. తోడల్లుడి కంటే ఒక మెట్టు పైనుండాలన్న కోరిక ఎక్కడ ఊరుకుంటుంది? ఆయనా ఎక్కుతూనే ఉంటాడుగా!

ఇంకో మాట, నొచ్చుకోకండి. 'ఫైలు నా బల్లమీద ఉన్నన్నాళ్లూ ఎంతటివాళ్లయినా నా ముందు నిలబడాల్సిందే' అని రాశారు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు మీకు బాధ కలిగినట్టు నాకనిపించలేదు. కాస్త తియ్యగానే ఉండుంటుంది. అరిషడ్వర్గాల్లో లోభంతోపాటు మదాన్నీ మాత్సర్యాన్నీ ఎందుకు చేర్చారో మీ ఉత్తరం చూస్తే తెలుస్తుంది. మీరు ఫైలు ఆపినంతసేపే అవతలివాడు నిలబడతాడు. కాబట్టి 'అడగను' అన్నది సగం నిజం. ఆపడమే అడగడం.

నమ్మి అప్పగించిన సొమ్ము కాజేసి జైలుకెళ్లినవాళ్లతో మాట్లాడి, డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త 1953లో తన పరిశీలన ప్రచురించాడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, తమకు తాము చెప్పుకునే ఒక సాకు వాళ్లలో కనిపించాయి. మీరూ అప్పుల సంగతి మీ ఆవిడకు చెప్పలేదు, చులకనవుతానని. ఆ రోజు ఆ మాట నోటివెంట వచ్చుంటే కథ ఇంతదూరం వచ్చేది కాదేమో.

మొదట్లో నిద్రపట్టలేదు, ఇప్పుడు హాయిగా పడుతోందన్నారు. నన్ను భయపెట్టింది అదే. స్వార్థంతో అబద్ధమాడే కొద్దీ మెదడులో భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం చురుకు తగ్గుతూ, అబద్ధాలు పెద్దవవుతాయని 2016లో లండన్ పరిశోధకులు చూపించారు.

చెడ్డవాడినా మంచివాడినా అన్న లెక్క పక్కన పెట్టండి. రేపు బల్లమీదున్న ఫైళ్లలో పాతదాన్ని ముందు తీయండి, దాని మనిషి ఎదురుగా లేనప్పుడే సంతకం పెట్టి పంపేయండి. ఆ సీటు నుంచి మార్చమని అర్జీ పెట్టుకోండి. తీసుకున్న సొమ్ము సంగతి ఒక లాయరుతో మాట్లాడండి, గుట్టుగా తిరిగిచ్చే ప్రయత్నాలు సొంతంగా చేయకండి. వీటన్నిటికంటే ముందు, ఈ రాత్రే, మీ ఆవిడకు ఆ అంకె చెప్పండి. ఏమందో నాకు రాయండి.