ఫ్యూజు పీకకండి, నోటీసు పంపండి

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన స్కూలు టీచర్ని. మా వారు పోయాక, రిటైర్మెంటు డబ్బులతో గుంటూరు కొరిటెపాడులో రెండు వాటాల డాబా కొనుక్కున్నాను. పై వాటాలో నేనుంటాను. కింది వాటా రెండేళ్ల కిందట నెలకు 9,000 రూపాయల చొప్పున ఒక కుటుంబానికి ఇచ్చాను. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకున్నాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించుకున్నాం. గడువు అయ్యాక మళ్లీ రాసుకోలేదు. ఇప్పుడు ఐదు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. అడిగితే, బాత్రూం పైపులు తనే బాగు చేయించుకున్నానని, ఆ డబ్బు అద్దెలో మినహాయించుకుంటున్నానని అంటాడు. మొన్న గట్టిగా అడిగితే, "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు మాదే అవుతుంది" అన్నాడు. ఆ మాటకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కరెంటు తీసేసి, వాళ్లు ఊరెళ్లినప్పుడు తాళం వేసెయ్యమని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: టీచరు గారూ, ముందు ఆ పన్నెండేళ్ల భయం వదిలేయండి. అద్దెకు దిగిన మనిషి పన్నెండేళ్లు కాదు, ముప్పై ఏళ్లున్నా అద్దెదారే. మీ చేత ఇంట్లోకి వచ్చినవాడు, ఆ అద్దె కొనసాగినంత కాలం, మీకు ఆ ఇంటి మీద హక్కు లేదని వాదించడానికి చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 116వ సెక్షను, 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 122వది. అతను పంతొమ్మిది నెలలు మీకు అద్దె కట్టాడు. ఆ చెల్లింపులు మీ బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంటే, ఇల్లు మీదని అతనే తన చేత్తో ఒప్పుకున్నట్టు.

ఇక తాళం సంగతి. మీ తమ్ముడు మీ మీద ప్రేమతోనే అని ఉంటారు. కానీ ఇలా తాళాలు వేసి, చివరికి తమ ఇంటి కోసం తామే ముద్దాయిలై నిలబడ్డ యజమానులను నేను చాలామందిని చూశాను. అద్దె బాకీ ఉన్నవాడినైనా సరే, చట్టప్రకారం కాకుండా బయటికి గెంటితే, అతను ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద దావా వేయొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. నిన్నటిదాకా లోపల ఉన్నది ఎవరు, బలవంతంగా తీసేసింది ఎవరు, అంతే చూస్తారు. అతన్ని తిరిగి ఇంట్లో పెట్టమని డిక్రీ వస్తే దాని మీద అప్పీలు కూడా ఉండదు. కరెంటు, నీళ్లు ఆపడం కూడా అలాంటిదే. బాకీ పడింది అతనైనా, పిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టారన్న పేరు మీకు వస్తుంది. పోలీస్ స్టేషన్లో మొదట వినపడేది ఆ మాటే. అయితే కరెంటు బిల్లు అతను కడుతున్నాడో లేదో మాత్రం ప్రతి నెలా సర్వీసు నంబరు కొట్టి చూసుకోండి. మీటరు మీ పేరున ఉంటే బకాయి కోసం వచ్చేది మీ దగ్గరికే.

ఇప్పుడు మీ అగ్రిమెంటు. ఈ పదకొండు నెలల అలవాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో సగం మంది యజమానులు ఇందులోనే పొరబడుతున్నారు. ఏడాదికి మించని లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. పదకొండు నెలల అగ్రిమెంట్లు అలా పుట్టాయి. కానీ మన రాష్ట్రం 17వ సెక్షనును సవరించుకుంది. 1999 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్థిరాస్తి లీజు ఎంత తక్కువ కాలానిదైనా రిజిస్టరు చేయించాల్సిందే. పదకొండు నెలలని రాసుకున్నంత మాత్రాన మినహాయింపు రాదు. కాబట్టి మీ కాగితంలోని గడువు, అద్దె పెంపు లాంటి షరతులను కోర్టులో ఆ కాగితంతో రుజువు చేయలేరు. అతను మీ దగ్గర అద్దెకు దిగాడని చూపడానికి మాత్రం అదే రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను మినహాయింపు కింద అది పనికొస్తుంది. అయితే స్టాంపు డ్యూటీ తక్కువ కట్టి ఉంటే, ఆ లోటు, దాని మీద పెనాల్టీ కట్టాకే కోర్టు దాన్ని చేతిలోకి తీసుకుంటుంది. చింపి పారేయకండి.

అలా కాగితం బలహీనమైతే మీ అద్దె నెలనెలా సాగే అద్దె అవుతుంది. ఇది మీకు మేలే. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. ఆ పదిహేను రోజులు సరిగ్గా అద్దె నెల చివరి రోజుతో ముగియాలన్న పాత చిక్కు 2002 చివర్లో వచ్చిన సవరణతో తీరిపోయింది. నోటీసులో ఐదు నెలల బకాయి 45,000 రూపాయలు అని అంకె వేయించండి. అడ్వాన్సు 18,000 ఇల్లు అప్పగించిన రోజు లెక్క చూసి తేలుస్తామని రాయించండి. పైపుల ఖర్చుకు బిల్లులుంటే పంపమని అందులోనే అడగండి. ఎందుకంటే మీరు చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే, అద్దెదారు తనే చేయించుకుని ఆ ఖర్చు మినహాయించుకోవచ్చని 108వ సెక్షను అంటుంది. అతను ముందుగా మీకు చెప్పి ఉండి, నిజంగా నాలుగైదు వేలు పెట్టి ఉంటే ఆ మొత్తం తగ్గించడం న్యాయం. ఐదు నెలల అద్దె ఎగ్గొట్టడానికి మాత్రం అది సాకు కాదు.

నోటీసు లాయరు చేత, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపించండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా అలాగే దాచండి. విప్పని కవరే మీకు సాక్ష్యం. నోటీసు గడువు అయ్యాక అతను హఠాత్తుగా ఫోన్‌పేలో ఒక నెల అద్దె వేస్తే, ఊరుకోకండి. నోటీసును మీరే వదులుకున్నారని ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షను పట్టుకుని వాదిస్తారు. ఆ రోజే, "ఇది ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా జమ చేసుకుంటున్నాను, నోటీసు అలాగే ఉంది" అని మెసేజి పెట్టండి. వాట్సాప్ మాటలు కోర్టులో చూపాలంటే ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆ ఫోను మార్చేయకండి, చాటు చెరిపేయకండి.

అప్పటికీ కదలకపోతే కేసు. అది ఏ కోర్టులో వేయాలన్నది అద్దె మొత్తం, ఇంటి కాగితాలు చూసి మీ లాయరు తేలుస్తారు. సివిల్ దావా పడితే మన దగ్గర సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 15-ఎ అని ఒక మంచి నిబంధన ఉంది. అద్దెదారు తన జవాబు దాఖలు చేసేటప్పుడే, తను కాదనని బకాయిని కోర్టులో కట్టాలి, తీర్పు దాకా నెలనెలా కడుతూ ఉండాలి. కట్టకపోతే అతని వాదనను కొట్టేయమని అడగవచ్చు. ఈ దరఖాస్తు వేయడం చాలామంది మరిచిపోతారు. మీరు గుర్తు చేసి వేయించండి. బకాయిల దావాకు మూడేళ్ల కాలపరిమితి కూడా ఉంది.

కానీ మీ విషయంలో దావాకు ముందు నేనింకో దారి చూపిస్తాను. పై వాటాలో మీరు, కింద వాళ్లు, రోజూ ఒకే గేటు దగ్గర ఎదురుపడాలి. ఏళ్లు నడిచే కేసు మీ ఆరోగ్యానికి మంచిది కాదు. గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయం ఎంతన్న ప్రశ్న లేకుండా స్త్రీలకు అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. కేసు వేయకముందే అతన్ని లోక్ అదాలత్‌కు పిలిపించమని అర్జీ పెట్టండి. రెండు నెలల్లో ఖాళీ చేసేట్టు, బకాయి రెండు వాయిదాల్లో కట్టేట్టు రాజీ కుదిరితే, లోక్ అదాలత్ ఇచ్చే ఆ రాజీ తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మాట తప్పితే నేరుగా అమలు పిటిషను వేసి ఖాళీ చేయించవచ్చు. నలుగురు పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద రాసుకునే ఒప్పందానికి ఈ బలం ఉండదు.

వెళ్లేటప్పుడు మీ రిజిస్టర్డ్ దస్తావేజు, ఇంటి పన్ను రశీదు, ఆ స్టాంపు పేపరు, రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకెళ్లండి. తమ్ముణ్ని కూడా వెంట తీసుకెళ్లండి, లాయరు చెప్పేది ఆయన కూడా వినాలి.