హెచ్‌ఈసీ చదివితే బ్యాంకు పరీక్ష లెక్కలు రావా?

ప్రశ్న: బీఏ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్‌లో హెచ్‌ఈసీ. టెన్త్‌లో లెక్కలు బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. బ్యాంకు క్లర్క్ పరీక్ష రాయాలని ఉంది కానీ మ్యాథ్స్ అంటేనే టెన్షన్. మా అమ్మ కిరాణా కొట్టు నడుపుతుంది, ఖాళీ ఉన్నప్పుడు నేనూ కూర్చుంటాను. ఎంపీసీ వాళ్లతో పోటీపడగలనా?

జవాబు: తప్పకుండా పడగలరు. ఈ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. ఇందులో ఎంపీసీలో ఉండే కాలిక్యులస్ లాంటివి అడగరు. అడిగేవి శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, నిష్పత్తి, సగటు. ఇంటర్ రెండేళ్లూ ఎంపీసీ వాళ్లు కూడా వీటి జోలికి పెద్దగా పోరు. మీరైతే కొట్లో రోజూ ఇవే చేస్తున్నారు, పేరు తెలియదంతే.

80 రూపాయలకు తెచ్చిన సరుకును అమ్మ 90కి అమ్మిందనుకోండి. కొన్న ధర మీద లాభం ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. అదే పది రూపాయలు అమ్మిన ధర మీద చూస్తే తొమ్మిదో వంతు, 11.11 శాతమే. లాభనష్టాల ప్రశ్నల్లో చాలామంది తడబడేది ఇక్కడే. శాతం అనగానే ‘దేని మీద?’ అని అడగడం అలవాటు చేసుకోండి.

వడ్డీ కూడా అంతే. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 50 వేలు తెస్తే నెలకు వెయ్యి కట్టాలి. ఇది మీకు తెలిసిందే. ఇప్పుడు ఇంకోటి చూడండి. లక్ష రూపాయల లోను, రెండేళ్లు, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ. వడ్డీ 20 వేలు కలిపి 24 నెలలు నెలకు 5 వేలు కట్టాలి. నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం లక్ష మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే ఇది దాదాపు 18 శాతం! కాగితం మీద నెలనెలా రాసుకుంటూ ఒక్కసారి మీరే చేసి చూడండి. రేపు కౌంటర్‌లో కూర్చున్నాక ఈ తేడా ఖాతాదారులకు విడమరిచి చెప్పాల్సింది మీరే.

మీకు తక్కువైంది వేగం. ప్రిలిమ్స్‌లో (మొదటి దశ పరీక్షలో) 35 లెక్కలకు 20 నిమిషాలే, తప్పుకు పావు మార్కు కోత. కాబట్టి షార్ట్‌కట్ల వీడియోల వెంట పడకుండా ముందు 20 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు (స్క్వేర్లు) నోటికి రానివ్వండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు లెక్కల పుస్తకాలు తెచ్చుకుని, శాతాల దగ్గర మొదలుపెట్టి ప్రతి లెక్కా చేయండి. మొహమాటపడకండి, పునాది అక్కడే ఉంది. కొట్లో బిల్లు ముందు నోటితో కూడి, తర్వాతే క్యాలిక్యులేటర్‌తో సరిచూసుకోండి.

ఆ తర్వాత మాక్ టెస్టులు, అంటే అసలు పరీక్షలాగే ఉండే నమూనా పరీక్షలు. సింప్లిఫికేషన్ (కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగాహారాలు కలిపి సూటిగా ఇచ్చే లెక్కలు) ముందు చేసేయండి, కొరకరాని లెక్కను వదిలేయండి. ప్రశ్నలు తెలుగులోనూ ఎంచుకోవచ్చు. కోచింగ్ ఫీజు మాత్రం ఇప్పుడే కట్టొద్దు. ఆ మూడు పుస్తకాలూ పూర్తిచేసి కొన్ని మాక్‌లు రాశాక ఎక్కడ ఆగిపోతున్నారో మీకే తెలుస్తుంది, అప్పుడు దాని కోసమే చేరండి.