ముందు ఖాళీ పెట్టె ఎండాకాలం దాటనీ

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "వీడు గుంటూరులో నా కొంపకి పాముని తెస్తానంటున్నాడు, ఇదంతా నీ పెంపకమే" అని పావుగంట చివాట్లు పెట్టింది. పదకొండేళ్లుగా మా ఇంట్లో పాము ఉంది కాబట్టి నోరు మూసుకుని విన్నాను. నువ్వు పంపిన ఫొటో కూడా చూశాను. గాజు తొట్టి, పైన జాలీ మూత, అడుగున ఇసుక, ఎర్ర బల్బు. ఇంకా డబ్బు కట్టకపోతే కట్టొద్దు. నేనూ మొదట అలాంటిదే కొన్నాను. ఆ కథ కింద చెబుతాను.

ముందు పాము సంగతి. మన పొలాల్లో కనిపించే కొండచిలువ జోలికి మాత్రం వెళ్లకు. పిల్ల దొరికింది, జాలేసింది, పెంచుకుంటాను అంటే కుదరదు. వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. పట్టుబడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కనబడితే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చెయ్యి, అంతే.

నీకు సరిపోయేది బాల్ పైథాన్, అదీ చిన్న రకం కొండచిలువే. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలది. బెదిరితే తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే. ఆడది నాలుగైదు అడుగులు పెరుగుతుంది, మగది మూడు, మూడున్నర. నీ గదికి మగదే మేలు. బాగా చూసుకుంటే పాతిక, ముప్పై ఏళ్లు బతుకుతుంది. రేపు పెళ్లిచూపుల్లో ఈ మాట కూడా చెప్పాల్సి ఉంటుంది, ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

ఇది విదేశీ జాతి కదా అని కాగితాలు అక్కర్లేదనుకోకు. 2022లో చట్టాన్ని సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. ఇలాంటి జంతువు ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా తెలపాలి. "పేపర్లదేముంది బ్రదర్, తర్వాత చూద్దాం" అన్నవాడి దగ్గర నుంచి లేచి వచ్చెయ్.

కొనేటప్పుడు రంగు చూసి పడిపోకు. స్పైడర్ అని ఒక రకం అమ్ముతారు, సాలెగూడులాంటి గీతలతో చాలా అందంగా ఉంటుంది. దానికి పుట్టుకతోనే నరాల లోపం, తల వణుకుతుంది. వద్దు. ముక్కు దగ్గర బుడగలు ఉన్నా, నోరు తెరిచి గాలి పీల్చినా వద్దు. పొలుసుల సందుల్లో, నీళ్ల గిన్నెలో గసగసాలంత నల్ల పురుగులు ఉంటే అసలే వద్దు. చచ్చిన ఎలుకని నీ కళ్ల ముందు తినిపించి చూపించమను. ఇవన్నీ సరే అనుకున్నాకే డబ్బు తియ్యి.

ఇక ఇల్లు. వాటి ఊళ్లో అవి పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో పడుకుంటాయి. చీమలు పెట్టిన పుట్టలు పాములకి ఇరవు అని మనం అనే మాట ఆఫ్రికాలోనూ చెల్లుతుందన్నమాట. కాబట్టి నువ్వు కట్టాల్సింది పుట్టలాంటిదే: చీకటి, ఇరుకు, కాస్త చెమ్మ. నా గాజు తొట్టిలో ఈ మూడూ లేవు. పైన జాలీ, గదిలో ఏసీ. చెమ్మంతా ఎగిరిపోయింది. కుబుసం మామూలుగా మేజోడు తిరగేసి విప్పినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒక్క ముక్కగా రావాలి. మా పాముకి ఉల్లిపొరల్లా తునకలు తునకలుగా ఊడింది. ఎడమ కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. గోరుతో గీకబోయాను, మీ అత్త చెయ్యి పట్టుకుని ఆపింది, బతికించింది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చుట్టి అరగంట వదిలేశాం. మడతల్లోంచి పాకుతూ బయటికొచ్చేసరికి ఆ పొర తువ్వాలుకి అంటుకుని ఉంది. వేలిగోరులో సగం కూడా లేదు, అద్దంలా ఉంది.

తర్వాత ప్లైవుడ్‌తో పెట్టె చేయించాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు. లోపల తడి పట్టకుండా వార్నిష్, పక్కలకి వేలు దూరనంత చిన్న గాలి కన్నాలు. వాసన పూర్తిగా పోవడానికి మూడు వారాలు ఆరబెట్టాను. ముందువైపు జరిపే అద్దాలు, వాటికి కిరాణా కొట్ల షోకేసులకి వేసే తాళం. అడుగున కడిగి ఆరబెట్టిన కొబ్బరి పొట్టు మూడంగుళాలు. దాక్కోడానికి మూతి పగిలిన మట్టికుండలు రెండు బోర్లించి, అంచుకి ద్వారం కొట్టాను. ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు. కుండ పెద్దది పెడితే లాభం లేదు, చుట్టుకుని పడుకుంటే ఒళ్లు అన్ని వైపులా గోడకి తగలాలి. పిల్లగా ఉన్నప్పుడు పెట్టెలో ఖాళీ జాగా ఉంటే బెదిరి తిండి మానేస్తుంది, ఆకులూ అట్టపెట్టెలూ పెట్టి నింపు. తేమ మీటరు 55 నుంచి 65 శాతం మధ్య చూపాలి. కళ్లు పాలరంగుకి తిరిగాయంటే కుబుసం విడవబోతోందని, అప్పుడు 70 దాకా పెంచు.

వేడి గురించి వీడియోల్లో చెప్పేదంతా చలి దేశాల వాళ్ల బాధ. వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 26 అన్న లెక్క నిజమే. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే చాప కావాలి, దానికి వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టావో, పాము పొట్ట కాలుతుంది. కానీ మనకి అసలు గండం మే నెల. నీది డాబా మీద పోర్షన్, పడమటి గోడ. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం మూడింటికి కరెంట్ పోతే ఆ గది ఎంతవుతుందో ఎప్పుడైనా కొలిచావా? పెట్టె లోపల 35 దాటితే పాముకి ప్రమాదమే. మా ఇంట్లో కిటికీకి వట్టివేళ్ల తడిక, పెట్టె మీద తడి గోనె, గడ్డకట్టిన నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి ఒక మూల. ఇన్వర్టర్ ఫ్యాన్ సరే సరి. అందుకే చెబుతున్నాను, పెట్టె ఇప్పుడే చేయించు, పాముని మాత్రం వానలు పడ్డాక తెచ్చుకో. ఖాళీ పెట్టెలో రెండు వైపులా థర్మామీటర్లు పెట్టి ఎండాకాలమంతా చూడు. దాని లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి.

పెట్టె వంటింటికి దూరంగా ఉండాలి. మీ అమ్మ మిరపకాయలు వేయించినప్పుడు మనకే దగ్గు ఆగదు, దాని ఊపిరితిత్తి ఎంతని! దోమల చక్రం, బొద్దింకల స్ప్రే ఆ గదిలో పూర్తిగా బంద్. ఎర్ర చీమలకి మందు చల్లకు, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టు. స్టాండు కూడా ఎత్తుగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఇక్కడ సింగ్‌నగర్‌లో నా స్నేహితుడొకడు పాముని దిండు గలీబులో మూటకట్టి పైఅంతస్తుకి పరిగెత్తాడు.

తప్పించుకోవడం గురించి ఒక్క మాట. తల దూరిన చోట ఒళ్లంతా దూరుతుంది. హీట్ మ్యాట్ వైరు కోసం చేసిన కన్నం నేను మూయలేదు. మూడు రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, పనిమనిషి మానేసింది. చివరికి ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన వెచ్చగా చుట్టుకుని పడుకుని ఉంది. పక్కింటివాళ్లకి ముందే చెప్పు, వాళ్లకి భయం ఉండటం తప్పేమీ కాదు.

తిండికి పెద్ద హడావిడి లేదు. పిల్లకి వారానికో ఎలుకపిల్ల, పెద్దయ్యాక రెండు మూడు వారాలకొకటి. గడ్డకట్టినది తెచ్చి గోరువెచ్చని నీళ్లలో కరిగించి పెట్టు. బతికున్న ఎలుక పాముని కొరుకుతుంది. వేరే చిన్న ఫ్రీజర్ కొనుక్కో, మీ అమ్మ ఐస్‌క్రీమ్ పక్కన పెట్టావంటే నేను నీ తరఫున మాట్లాడను. నాగుల చవితికి ఎవరైనా పాలు తెస్తే నువ్వు తాగు, దానికి పాలు అరగవు. తెచ్చిన వారం రోజులు ముట్టుకోకు, తిన్నాక రెండు రోజులు కూడా.

పెట్టె కొలతలు ఇంకో కాగితం మీద గీశాను. ఆదివారం వచ్చినప్పుడు తీసుకెళ్లు. వచ్చేలోపు నీ గదిలో పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి ఎన్ని డిగ్రీలుందో రాసిపెట్టుకురా.

మీ మామయ్య,
విజయవాడ