నీళ్లు పారబోయడం ఆపు, అల్లుడూ

హన్మకొండ

అల్లుడికి,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. అందరూ బాగున్నారని చెప్పి, ఆఖర్లో "వాడు ఆఫీసు నుంచి రాగానే ఆ చేపల తొట్టి ముందే కూర్చుంటున్నాడు, పాప నీళ్లు చూసి ఏడుస్తోంది" అంది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పది రోజుల కింద పాలు కలిపినట్టు ఉన్న నీళ్లు ఇప్పుడు పచ్చగా తిరుగుతున్నాయి. ఈలోపు నువ్వు మూడుసార్లు నీళ్లన్నీ పారబోసి, రాళ్లు తీసి కడిగి, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి పిండావట. తప్పు అక్కడే జరిగింది. నిన్ను అనడం లేదు, నేను డిపోలో చేరిన కొత్తలో ఇదే చేశాను. ఆదివారం వచ్చిందంటే తొట్టి మొత్తం బోర్లించి తళతళ కడిగేవాడిని. మూడో ఆదివారానికి ఐదు చేపలు తేలాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి!

ముందు ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్లు ముంచి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడు. తొట్టిలో చూస్తే లైటు రంగు, రాళ్ల రంగు కలిసి మోసం చేస్తాయి. గ్లాసులో నీళ్లు పచ్చగా ఉంటే నాచు. పాలవిరుగుడులా ఉంటే బ్యాక్టీరియా. అరగంటలో అడుగున మట్టి పేరుకుంటే రాళ్లు సరిగా కడగలేదని అర్థం. లేత టీ రంగు ఉంటే తొట్టిలో పెట్టిన మొద్దు నుంచి దిగుతున్న రంగు, దానికి భయపడాల్సిన పని లేదు. అప్పుడే పట్టిన బోరు నీళ్లు తెల్లగా ఉండి, కింది నుంచి పైకి తేటబడుతూ వస్తే అది ఉత్త గాలి.

నీకు మొదట వచ్చింది ఆ తెల్లదనం. కొత్త తొట్టిలో చేపల మలం, మిగిలిన మేత కుళ్లుతుంటాయి. వాటిని తినే బ్యాక్టీరియా నీళ్లలో ఒక్కసారిగా కోట్లలో పెరుగుతుంది. కళ్లకు కనిపించే మసక అదే. కుళ్లినదాంట్లోంచి అమ్మోనియా వస్తుంది, చేపలకు అది విషం. ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా వేరే ఉంది. అది నీళ్లలో తేలదు, స్పాంజికీ రాళ్లకూ అంటుకుని మెల్లగా పెరుగుతుంది. నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నువ్వు నల్లా కింద పిండిన ప్రతిసారీ నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేసింది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు! వదిలేసి ఉంటే ఆ తెల్లదనం వారం, రెండు వారాల్లో దానంతట అదే పోయేది.

కాబట్టి ఇక నుంచి స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లతోనే బకెట్లో పెట్టి మెల్లగా రెండు పిసుకులు పిసుకు, చాలు. అది కూడా నీళ్ల ధార తగ్గితేనే. స్పాంజి గోధుమ రంగులో జిగటగా ఉందని అసహ్యించుకోకు. అది ఉండబట్టే చేపలు బతుకుతున్నాయి.

ఇప్పుడు పచ్చదనం. దీనికి మూలం రెండే, వెలుతురు ఎక్కువ, ఎరువు ఎక్కువ. ఊరి మురికి చేరే చెరువులు ఎండాకాలం నీళ్లు తగ్గి పచ్చగా మారడం మనం చూస్తూనే ఉంటాం కదా, నీ హాల్లో జరిగింది కూడా అదే. ఫొటోలో చూస్తే తొట్టి బాల్కనీ తలుపు పక్కనే ఉంది, పొద్దున ఎండ నేరుగా పడుతోంది. దానికి తోడు పాప పడుకునేదాకా లైటు వెలుగుతోందని అక్క చెప్పింది. ఎరువంటావా, లెక్కపెట్టాను, రెండడుగుల తొట్టిలో ఆరు గోల్డ్ ఫిష్‌లు. చేపల్లో అవి బర్రెల్లాంటివి, తింటూనే ఉంటాయి, వేస్తూనే ఉంటాయి.

తొట్టిని ఎండ పడని గోడ పక్కకు జరుపు. జరిపే ముందు సగానికి పైగా నీళ్లు శుభ్రమైన బకెట్లలోకి తీసి దాచు, నిండు తొట్టి ఎత్తితే అద్దం అతుకులు వదులుతాయి. జరిపాక ఆ నీళ్లే తిరిగి పోసి, లైటు తీసేసి, మందపాటి దుప్పటితో నాలుగు వైపులా కప్పు. నాలుగు రోజులు అలాగే ఉంచాలి. మధ్యలో పాప తొంగి చూడకూడదు, నువ్వు అసలే చూడకూడదు. మేత కూడా వద్దు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగు రోజులు తిండి లేకుండా హాయిగా ఉంటుంది. ఎయిర్ పంపు మాత్రం రాత్రింబవళ్లు నడవాలి, పైన గాలి ఆడే సందు ఉండాలి. ఇది మాత్రం మరచిపోకు. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, చచ్చి కుళ్లేటప్పుడు ఇంకా ఎక్కువ లాగేస్తుంది. పైగా ఈ ఎండలకు వేడెక్కిన నీళ్లలో ఆక్సిజనే తక్కువ. కరెంటు పోతుందని అనుమానం ఉంటే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి కొని పెట్టుకో. తెల్లవారుజామున మాత్రం పై సందులోంచి ఒక్కసారి చూడు, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే దుప్పటి తీసేసి పావు వంతు నీళ్లు మార్చు.

నాలుగు రోజుల తర్వాత నీళ్లు తేటబడి, చచ్చిన నాచు అడుగున పేరుకుంటుంది. అప్పుడు సైఫన్ పైపుతో రాళ్ల మధ్య నుంచి లాగుతూ మూడో వంతు నీళ్లు తీసెయ్యి. కొత్తగా పోసేవి మీకు వచ్చే మానేరు నది నీళ్లే అయినా నల్లా నుంచి నేరుగా పోయకు. ముందురోజే బకెట్లో పట్టి మూత లేకుండా ఉంచు, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. ఆ తర్వాత వారానికి ఒక్కసారి, పావు వంతు మాత్రమే. మీ తొట్టిలో పట్టేది 56 లీటర్లు, పావు వంతంటే ఒక పెద్ద బకెట్. దానికి మించి ఆశపడకు.

లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు, టైమర్ ప్లగ్ పెడితే ఇక పాపతో గొడవే లేదు. మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. అడుక్కు దిగిన ప్రతి గింజా నాచుకు ఎరువే. ఒక మనీ ప్లాంట్ తీగ తెచ్చి వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచున పెట్టు. నైట్రేట్ అది పీల్చుకుంటుంది. మా ఇంట్లో ఆ తీగ ఇప్పుడు కిటికీ దాటి ఫ్యాన్ దాకా పాకింది, మీ అత్త తిడుతూనే ఉంటుంది.

పటిక వేస్తే తేటపడుతుందని పక్కింటాయన అన్నాడట. వద్దు. మీ అమ్మమ్మ వానాకాలంలో చెరువు నీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసేది. అది మట్టి నీళ్లకు, తాగే మనుషులకు. పటికతో నీళ్ల ఆమ్లగుణం పెరిగి చేపలు అల్లాడతాయి, నాచుకు కారణమేమో అలాగే ఉంటుంది. ఫొటోలో తొట్టి పక్కన నీలం మందు సీసా కూడా కనిపించింది. అది జబ్బు చేపలకు వాడేది. తొట్టిలో పోస్తే నువ్వు పెంచుకోవాల్సిన బ్యాక్టీరియా కూడా పోతుంది. యూవీ లైటు ఉంటుంది, పచ్చ నీళ్లకు బాగా పని చేస్తుంది, నిజమే. కానీ ఎండ తగిలే చోటే తొట్టి ఉంచుకుని దానికి డబ్బు పోయడం నాకు నచ్చదు.

ఇక ఆరు చేపల సంగతి. ఆ తొట్టికి ఆరు ఎక్కువ, కొన్న షాపు వాడికే నాలుగు తిరిగి ఇవ్వు. మిగిలిన రెండు కూడా పెరిగాక పెద్ద తొట్టి అడుగుతాయి. పాపకు ఎలా చెప్పాలో నువ్వూ కోడలూ చూసుకోండి. చేపలకు స్వేచ్ఛ ఇస్తున్నానని తీసుకెళ్లి మానేరులో మాత్రం వదలకు, అవి మన నీళ్ల చేపలు కావు.

శనివారం రాత్రి కప్పితే బుధవారం రాత్రి తీయొచ్చు. తీయగానే, ఏదీ శుభ్రం చేయకముందే, అదే గాజు గ్లాసులో నీళ్లు ముంచి ఫొటో పంపు. అప్పటిదాకా బకెట్ ముట్టుకోకు.

మీ మామ