ద్రవ హీలియం లేని కాలేజీ నుంచి లో-టెంపరేచర్ ఫిజిక్స్‌కి

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అతి శీతలంలో అయస్కాంత క్షేత్రం లోహాల్లోని ఎలక్ట్రాన్లపై చూపే ప్రభావం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా కాలేజీలో ద్రవ హీలియం లేదు. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: హీలియం తర్వాత దొరుకుతుంది. లెక్క, చేతిపని మాత్రం ఇప్పుడే అలవడాలి. ముందు లెక్క చూద్దాం.

క్షేత్రంలో ఎలక్ట్రాన్ చుట్లు తిరుగుతుంది, దాని శక్తి మెట్లు మెట్లుగా విడిపోతుంది. వీటినే లాండావ్ స్థాయిలంటాం. 10 టెస్లాల్లో, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి, మెట్టుకీ మెట్టుకీ తేడా 1.16 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తే దాదాపు 26, కాబట్టి మెట్లు చెరిగిపోతాయి. ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్లలో అది 0.36కి దిగుతుంది. 1930లో లైడెన్‌లో డి హాస్, వాన్ ఆల్ఫెన్ బిస్మత్ అయస్కాంతత్వంలో చూసిన ఊగిసలాటకు మూలం ఈ మెట్లే. అదే ఊగిసలాట నిరోధంలో కనిపిస్తే దాన్ని షుబ్నికోవ్-డి హాస్ ప్రభావం అంటారు.

అయితే 4.2 కెల్విన్లు చాలతాయా? ఊగిసలాట ఎంత పెద్దగా ఉంటుందో చెప్పే లిఫ్షిట్జ్-కోసెవిచ్ సూత్రంలో ఉష్ణోగ్రత పదాన్ని మీరే లెక్కకట్టండి. పై ద్రవ్యరాశికే, 10 టెస్లాల్లో, 4.2 కెల్విన్ల వద్ద సంకేతంలో 2.6 శాతమే మిగులుతుంది. హీలియం ఆవిరిని పంపుతో లాగి 1.5 కెల్విన్లకు దింపితే 49 శాతం మిగులుతుంది. ఈ తేడా చేత్తో లెక్కేసి చూసినవారికి ఇంటర్వ్యూలో భయముండదు.

శుద్ధత కూడా అంతే ముఖ్యం. గది ఉష్ణోగ్రత నిరోధాన్ని 4.2 కెల్విన్ల నిరోధంతో భాగిస్తే 100 వచ్చే రాగిలో, ఎలక్ట్రాన్ సుమారు 4 మైక్రాన్లు పోయి దేన్నో ఢీకొంటుంది. 10 టెస్లాల్లో ఒక చుట్టు పొడవు 5.6 మైక్రాన్లు. చుట్టే పూర్తికాదు! అందుకే మంచి స్ఫటికాలు పెంచడం నేర్చుకున్నవారికి ఈ రంగంలో గిరాకీ ఎక్కువ.

కొలిచేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. ఈ ఊగిసలాట క్షేత్ర విలోమం (1/క్షేత్రం) ప్రకారం సమాన దూరాల్లో తిరిగివస్తుంది, అందుకే దాని పౌనఃపున్యాన్ని టెస్లాల్లో చెబుతాం. రాగిలో ప్రధాన ఊగిసలాటకు అది దాదాపు 58,000 టెస్లాలు. 10 టెస్లాల దగ్గర ఒక్క ఆవర్తనానికి క్షేత్రం 1.7 మిల్లీటెస్లాలు మారితే చాలు. మీరు 10 మిల్లీటెస్లాల అంచెలతో కొలిస్తే గ్రాఫ్‌లో అర్థంలేని గందరగోళమే మిగులుతుంది, యంత్రాన్ని తప్పుపడతారు.

ఇప్పుడు మీ ల్యాబ్‌లో చేయదగినవి. విద్యుదయస్కాంతం, బిస్మత్ ముక్క, ద్రవ నైట్రోజన్ ఉంటే నిరోధం క్షేత్రంతో ఎంత పెరుగుతుందో గది ఉష్ణోగ్రతలో, 77 కెల్విన్లలో కొలవండి. నాలుగు తీగల పద్ధతి (కరెంటుకు రెండు, వోల్టేజికి వేరే రెండు) వాడండి. వోల్టేజి తీగలు రవ్వంత పక్కకు జరిగినా హాల్ వోల్టేజి (క్షేత్రం వల్ల కరెంటుకు అడ్డంగా పుట్టేది) కలిసిపోతుంది కాబట్టి క్షేత్రాన్ని తిప్పి రెండుసార్లు కొలిచి సగటు తీయండి. సాయంత్రాలు పైథాన్‌లో ఒక ఊగిసలాట డేటా తయారుచేసి, క్షేత్ర విలోమానికి సమాన అంచెల్లోకి మార్చి, ఫోరియర్ పరివర్తన (పౌనఃపున్యాలను విడదీసే లెక్క) చేయండి. ఈ మార్పు చేయకుండా నేరుగా ఫోరియర్ చేస్తే శిఖరం వెడల్పై చెదిరిపోతుంది.

పరీక్షల విషయానికొస్తే సీఎస్ఐఆర్-నెట్, గేట్, జెస్ట్ మూడూ రాయండి. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌కు దాని సొంత పరీక్ష ఉంది. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ పరిశోధన కేంద్రం విశ్వవిద్యాలయాల కోసమే ఏర్పడింది. మీ అధ్యాపకులు ప్రతిపాదన పంపితే అక్కడి తక్కువ ఉష్ణోగ్రత, అధిక క్షేత్ర పరికరాలపై కొలిచే వీలుంటుంది. ఆ ప్రతిపాదనకు మీ బిస్మత్ గ్రాఫులు, పైథాన్ ఫలితం జతచేయమని మీ సార్‌ను అడగండి.