ఇంటి వాడకానికి 50,000 లోపు ల్యాప్‌టాప్: తర్వాత మార్చలేని భాగాలను ముందు చూడండి

ఇద్దరు పిల్లల చదువుకు, బిల్లులు, బ్యాంకు పనులకు, అమ్మగారు తెలుగులో టైపు చేసుకోవడానికి 50,000 రూపాయల లోపు ఐదేళ్లయినా నడిచే ల్యాప్‌టాప్ కావాలని, కొత్తది కొనాలా రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) కొనాలా అని మీరు అడిగారు. నేను హనుమకొండలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే పనిలో ఉన్నాను. కొత్తవి అమ్మే వ్యాపారం నాకు లేదు కనుక ఏ కంపెనీ మీదా ప్రత్యేకమైన మొగ్గు లేదు. నా అనుభవంలో కంపెనీ పేరు కన్నా ముందు చూడవలసింది, కొన్న తర్వాత మార్చుకోగలిగిన భాగాలు ఏవి, చివరిదాకా సర్దుకుపోవలసినవి ఏవి అన్నది. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ, బ్యాటరీ, చాలా మోడళ్లలో ర్యామ్ (తెరిచి ఉన్న పనులను పట్టి ఉంచే మెమరీ) కూడా మార్చుకోవచ్చు. పనులన్నీ నడిపే ముఖ్యమైన చిప్ అయిన ప్రాసెసర్‌ను మార్చలేము. బాడీని, తెరను మార్చవచ్చు గాని, వారంటీ దాటాక ఆ ఖర్చు విన్నవారు సాధారణంగా పాతదాన్ని అటకెక్కించి కొత్తది కొంటారు.

మా దగ్గరకు వచ్చే ఇంటి ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) పోయినవాటి కన్నా హింజ్ (తెరను బాడీకి కలిపే కీలు) విరిగినవే ఎక్కువ. తక్కువ ధర మోడళ్లలో తెరను పట్టి ఉంచే లోహపు హింజ్‌ను, ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లకు స్క్రూలతో బిగిస్తారు. వాడగా వాడగా హింజ్ బిగుసుకుపోతుంది. ఒక మూల పట్టుకుని తెర ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడి, చివరకు అవి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తాయి. తెర మూస్తున్నప్పుడు మూల దగ్గర బాడీ విచ్చుకోవడం దీనికి మొదటి గుర్తు. అప్పటికీ అలాగే వాడుతూ పోతే తెరకు వెళ్లే కేబుల్ నలిగి బొమ్మ కూడా పోతుంది. జిగురుతో అతికించి ఇవ్వగలం గాని, అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుచేత షోరూములో తెర పైఅంచును మధ్యలో పట్టుకుని ఎత్తి, రెండు వైపులా ఒకే తీరుగా లేస్తున్నదో లేదో చూడండి. కీబోర్డు నడిమి భాగాన్ని బొటనవేలితో నొక్కండి. అక్కడ పల్లంగా దిగిపోయే బాడీ పిల్లలున్న ఇంటికి పనికిరాదు. అమ్మే కుర్రవాడు మొహం చిట్లించినా ఫరవాలేదు, డబ్బు మీది.

ఇక ప్రాసెసర్ విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటున్నారు, ఎందుకంటే స్టిక్కర్ మీది పెద్ద అక్షరాలు చూసి ఊరుకుంటారు గాని నంబరు చివరిదాకా చదవరు. ఇంటెల్‌లో ఐ3-1215యూ మీదా ఐ3 అనే ఉంటుంది, ఐ3-ఎన్305 మీదా ఐ3 అనే ఉంటుంది. మొదటిదానిలో ఆరు కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు), వాటిలో రెండు బలమైనవి. రెండోదానిలో ఎనిమిది కోర్లు ఉన్నా, అన్నీ కరెంటు పొదుపు కోసం చేసిన చిన్న కోర్లే కాబట్టి రోజువారీ పనుల్లో మొదటిదే చురుకుగా ఉంటుంది. ఏఎండీలో తికమక ఇంకా ఎక్కువ. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే తేడా ఒక్క అంకెలోనే కనిపిస్తుంది, కానీ ఈ 7000 వరుస నంబర్లలో మూడో అంకె డిజైన్ తరాన్ని చెబుతుంది. 7520యూలో ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు. 7530యూలో ఉన్నది జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యూతో వచ్చే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తారు కనుక 8 జీబీది కొన్నవారికి ఆ 8 జీబీయే శాశ్వతం. మీ బడ్జెట్‌లో ఐ3-1215యూ గాని, ఐ5-1235యూ గాని, రైజెన్ 5 7530యూ గాని దొరికితే ధైర్యంగా తీసుకోవచ్చు. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 వంటి రెండు కోర్ల ప్రాసెసర్లు ఎంత చవకగా ఇచ్చినా వద్దు; పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా మరో పేజీ తెరిస్తే చాలు, రెండూ ఆగిపోతాయి.

ర్యామ్ విడిగా మార్చుకునే స్లాట్ ఉంటే ఇప్పటికి 8 జీబీ సరిపోతుంది, బోర్డుకు అతికించిందైతే 16 జీబీకి తగ్గవద్దు. స్టోరేజీ 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. ఈ రెండింటి గురించి ఇంతకు మించి ఆలోచించనక్కరలేదు.

తెర మాత్రం మీ అమ్మగారి కోసం జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1366×768 తెర మీద చిన్న అక్షరాలలో తెలుగు చదివితే ఒత్తులు, తలకట్టులు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. 1920×1080 ఉన్న, పక్కనుంచి చూసినా రంగులు అంతగా మారని ఐపీఎస్ రకం తెర తీసుకోండి. చవక రకమైన టీఎన్ తెరను గుర్తుపట్టడం సులభం: దాన్ని కాస్త వెనక్కి వంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్లు మారిపోతాయి. ఇంట్లో వాడకానికి 250 నిట్స్ (తెర వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు చాలును. తెలుగు టైపింగుకు ప్రత్యేకమైన కీబోర్డు అక్కరలేదు. విండోస్ 11 సెట్టింగులలో తెలుగు భాషను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరికతో పాటు, ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను బట్టి తెలుగు టైపు చేసే ఫొనెటిక్ కీబోర్డు కూడా వస్తుంది.

రీఫర్బిష్డ్ సంగతికి వస్తే, కార్పొరేట్ కంపెనీలు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ తరగతి ల్యాప్‌టాప్‌లకు నేను వ్యతిరేకిని కాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇవి వరుసగా పేర్చి కనిపిస్తాయి, వీటి హింజ్, కీబోర్డు నేటి చవక కొత్త మోడళ్ల కన్నా చాలా గట్టివి. అయితే విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. అంటే నంబరు 8తో మొదలయ్యే ఐ5-8250యూ పనికొస్తుంది, 7తో మొదలయ్యే ఐ5-7200యూ పనికిరాదు. ఏడో తరం దానిలో కూడా ఏదో విధంగా విండోస్ 11 ఎక్కించి అమ్మేవారున్నారు కాబట్టి తెర మీద కనిపించేదాన్ని కాక ప్రాసెసర్ నంబరును నమ్మండి. బయోస్‌కు (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాముకు) పాత కంపెనీ పాస్‌వర్డ్ మిగిలిపోయిందేమో మీ ముందే తెరిపించి చూడండి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్న సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి, రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించమనండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి ఉంటే లోపల బ్యాటరీ పొంగినట్లు అనుమానించాలి, దాన్ని అక్కడే వదిలి రండి.

మీరు ఐదేళ్లు అంటున్నారు కాబట్టి, ఈ బడ్జెట్‌లో నేనైతే కొత్తదే కొంటాను, ఎంత మంచి స్థితిలో ఉన్నా పాతదానికి అప్పటికే సగం ఆయుష్షు తీరి ఉంటుంది కనుక. బడ్జెట్ 25,000 అయి ఉంటే మాత్రం రీఫర్బిష్డ్ వైపే చూపించేవాణ్ణి. కొత్తది కొనేముందు, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మీ జిల్లా కేంద్రంలో ఉందా, వారంటీ ఇంటికి వచ్చి చేసేదా లేక మనమే మోసుకెళ్లి ఇవ్వాలా అన్నది లిఖితంగా చూసుకోండి. జీఎస్టీ బిల్లు మీది సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ తేదీ సరిచూసుకోండి, డెమో పీసును కొత్తదని అంటగట్టిన సందర్భాలు నా దగ్గరకు వచ్చాయి.

ఇంటికి తెచ్చాక, ఎప్పుడూ ఛార్జింగులోనే పెట్టి వాడేటట్లయితే, చాలా కంపెనీలు తమ సొంత యాప్‌లో ఇచ్చే 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటును ఆన్ చేయండి. పరుపు మీద పెట్టి వాడనివ్వవద్దు, అడుగున గాలి లోపలికి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. లోహపు బాడీ ఉన్నది కొంటే, ఛార్జింగులో ఉండగా తాకినప్పుడు చేతికి జివ్వుమన్నట్లు ఉంటే చాలామంది ల్యాప్‌టాప్‌లో షార్ట్ ఉందనుకుని మా దగ్గరకు తెస్తారు. చాలా సార్లు లోపం ల్యాప్‌టాప్‌లో కాక గోడ సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోవడంలో ఉంటుంది, కాబట్టి ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌ను చూపించండి.